ద్వారపాలకుడి ఆరు చరణాలు

ఏడు గంటల బస్సెక్కి విడపనకల్లు దగ్గరి పల్లెకు పోవడం, రాణి వేషగాడు వీరేష్‌కు ఏడుపు పాట నేర్పడం, మధ్యాహ్నానికి ఇల్లు చేరడం. ఆ పొద్దున గంగాధరప్ప వేసుకున్న పథకం ఇంతే. హార్మోనియం పట్టి ముప్పై ఏళ్లయినా అతను పాత వరసలకే మాటలు అతికిస్తూ వచ్చాడు. వాన కోసం ఊరు మొక్కుకున్న ఈ నాటకంలో మాత్రం రాణి ఏడుపు పాట పూర్తిగా తనది. పల్లవీ ఆరు చరణాలూ కట్టడానికి నాలుగు నెలలు పట్టింది. చచ్చేలోగా దాన్ని జనం మధ్య ఒక్కసారి వినాలని అతని కోరిక.

"రాణికి ఆరు, రాజుకు నాలుగా?" పల్లెలో పాటల కాగితాలు చూసి, రాజు వేషం కట్టే తిప్పయ్య వేళ్లు మడిచి మరీ అడిగాడు. పందిరి వేయించేది ఆయనే. "నేనేమన్నా తక్కువోన్నా, ఏమప్పా?"

ఇంకో రెండు చరణాలు రాసే ఓపిక గంగాధరప్పకు లేదు. అక్కడే తెలివికి పోయాడు. "పెద్దోళ్లు తక్కువ మాట్లాడతారు కదన్నా. నాలుగు గూడా ఎక్కువే."

తిప్పయ్య ముఖం వెలిగిపోయింది. "అట్లయితే నాకు పల్లవి చాలు. రాణి నా పెండ్లాం కదా, ఆమెకూ పల్లవే. ఆ ఆరూ మంత్రికియ్యి."

మంత్రి వేషగాడు సుంకన్న ఇదంతా విన్నాడు. "అంటే నేను చిన్నోన్నా? నాకొద్దు. సేనాపతికియ్యి."

సేనాపతి కత్తి పడేసి అలిగాడు. విదూషకుడు సైతం పరువు పోతుందన్నాడు. సాయంత్రానికి ఆరు చరణాలూ దొర్లుకుంటూ వచ్చి, ఒక్క మాటైనా లేని ద్వారపాలకుడి దగ్గర ఆగాయి. కాదనే ధైర్యం లేనివాడు అతనొక్కడే. పేరు రంగన్న, బోరుబండి మీద కూలి. అతని గొంతు విన్నాక గంగాధరప్పకు హార్మోనియం బావిలో పడేయాలనిపించింది. బావిలోనూ నీళ్లు లేవు.

ఇల్లు చేరే మాట మరిచి, మూడు రోజులు అక్కడే ఉండి నేర్పాడు. నాలుగో చరణంలో "మబ్బా, ఒక్కసారి కిందికి చూడు" అనే చోట రంగన్న ఆగిపోయాడు.

"ఏమైందప్పా?"

"ఏం లేదు సామీ. పోయిన నెల పదకొండు బోర్లేసినాం. అన్నిట్లో దుమ్మే వచ్చినాది. ఆ రైతుల మొగాలు గుర్తొచ్చినాయి."

మళ్లీ పాడాడు. శ్రుతి లేదు, అయినా వింటున్న వీరేష్ కళ్లు తుడుచుకున్నాడు. సరైన మనిషిని వెతుక్కుంటూనే తన పాట కిందికి దిగిందని గంగాధరప్పకు తోచింది. సంతోషంతో ఆ పూట అన్నం సయించలేదు.

ఆదివారం సాయంత్రం జనం చాపలు పరుచుకుని కూర్చున్నారు. చివరిదాకా ఆగితే ఎవరేం మెలిక పెడతారోనని అతను ఆ పాటనే ముందుకు జరిపాడు. రంగన్న ఈటె పట్టుకుని నిలబడ్డాడు. హార్మోనియం పలికింది. రంగన్న నోరు తెరిచాడు.

ఫెళ్లున ఉరిమి వాన దిగింది. ముఖాల రంగులు కారిపోయాయి, పందిరి కూలింది, జనం కేకలు వేస్తూ చేల వైపు పరుగెత్తారు. అందరికన్నా ముందు రంగన్న, ఈటె పారేసి, తన అరెకరం వైపు.

తిప్పయ్య కిరీటంతోనే వచ్చి గంగాధరప్పను కౌగలించుకున్నాడు. "నీ పాట శానా గొప్పదప్పా! పాడకముందే వాన తెచ్చినాది. ఇంగ నాటకమెందుకు? మళ్లా కరువొస్తే నీకే కబురు పెడతాం."

తడిసిన హార్మోనియం ఒళ్లో పెట్టుకుని గంగాధరప్ప బస్సులో కూర్చున్నాడు. జిల్లా మొత్తంలో కరువు కోసం ఎదురుచూసే మనిషి ఇప్పుడు ఒకడున్నాడు.