బీరప్ప కందుల విమానయానం

ఆ బుధవారం పొద్దున బీరప్ప పెట్టుకున్న పని పెద్దదేమీ కాదు. పెద్దేముల్‌లో షేర్ ఆటో ఎక్కి తాండూరులో దిగాలి. అక్కడ సంచుల దుకాణం నడిపే అజమత్‌ను కలుసుకుని, ఇద్దరూ అతని కారులో శంషాబాద్ పోయి ఒక కాగితం తెచ్చుకోవాలి. ఎండ దిగేలోపు తిరిగివస్తే గొర్రెలను మళ్లీ గడ్డికి తోలుకుపోవచ్చు. ఆటోలో చోటు లేకపోయినా కందుల సంచిని కాళ్ల దగ్గర పెట్టడానికి మనసొప్పక, చంటిపిల్లాడిలా ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు.

ఆ కందులు విమానమెక్కబోతున్నాయి. అజమత్ అల్లుడు అఫ్సర్‌కు మస్కట్‌లో కిరాణా దుకాణం ఉంది. శుక్రవారం మామ తనను చూడడానికి వస్తున్నాడని తెలిసి, మన దిక్కు మంచి రైతు ఇంటి కందులు కొన్ని వెంట తెమ్మన్నాడు. అక్కడివాళ్లకు రుచి నచ్చితే ఊరి పంటంతా తెప్పించుకుంటానని ఆశ పెట్టాడు. అయితే గింజలు దేశం దాటాలంటే విమానాశ్రయం దగ్గరున్న మొక్కల క్వారంటైన్ ఆఫీసువాళ్లు వాటిని చూసి, రోగం లేదు, పురుగు లేదు అని రాసివ్వాలట. కరోనా కాలంలో మనుషులను పెట్టింది చూశాడు గాని కందులకు కూడా క్వారంటైన్ ఉంటుందని బీరప్పకు అప్పుడే తెలిసింది. తెలిసిన దగ్గర్నుంచి తన కందుల మీద ఆయనకు గౌరవం పెరిగింది.

గొర్రెలు కాసేవాడికి ఆకాశంతో పరిచయం ఎక్కువ. పెద్దేముల్ బీళ్ల మీదుగా పోయే విమానాలను బీరప్ప చిన్నప్పటి నుంచి చూస్తున్నాడు. తాను ఎక్కాలని ఎన్నడూ అనుకోలేదు. తనదంటూ ఏదో ఒకటి, పిడికెడైనా సరే, అందులో ఎక్కితే చాలనుకున్నాడు. సంచి మీద 'బీరప్ప, పెద్దేముల్' అని రాసి ఉండాలి. ఆ సంచి కిటికీ పక్క సీట్లో కూర్చుని మబ్బులను చూస్తూ పోవాలి. తాను ఎన్నడూ చూడని సముద్రాన్ని అది చూడాలి. అవతలి ఒడ్డున ఎవరో పెద్దమనిషి పప్పుతో నాలుగు ముద్దలు తిని, వేళ్లు నాకుతూ ఈ బీరప్ప ఎవరని అడగాలి. ఈ కల ఆయనకు ఎంత బాగా నచ్చిందంటే, ఆటో అడ్డా మీద కనిపించిన ప్రతివాడికీ చెప్పేశాడు. ఇప్పుడు కందులు ఎగరకపోతే ఊళ్లో తలెత్తుకుని తిరిగే వీలు లేదు.

'ఒక్క పురుగు కూడా ఉండకూడదు' అని అఫ్సర్ ఫోనులో అన్న మాట బీరప్ప భార్య హన్మమ్మ చెవిన కూడా పడింది. కందులకు పురుగు పట్టకుండా ఏం చెయ్యాలో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. మర్పల్లి దగ్గరున్న పుట్టింటి చెలక నుంచి ఎర్రమట్టి తెప్పించి, నీళ్లలో కలిపి, గింజగింజకూ పట్టించి ఎండబెట్టింది. వాళ్ల అమ్మ అలాగే చేసేది, అమ్మమ్మ అలాగే చేసేది. విదేశం పోయేవి కదా అని ఈసారి మట్టి ఇంకొంచెం మందంగానే పట్టించి, సంచిలో గుప్పెడు వేపాకు కూడా వేసింది. ఆ ఎర్రని కందులను చూస్తే పెళ్లికి తయారైన పిల్లల్లా ఉన్నాయని బీరప్ప మురిసిపోయాడు.

క్వారంటైన్ ఆఫీసులో అశ్విని అనే అధికారి ఉంది. చిన్న వయసు, నెమ్మదైన మనిషి. సంచి విప్పి, తెల్లని పళ్లెంలో కందులు పోసి, వేలితో ఒక గింజను తిప్పింది. వేలు ఎర్రగా అయింది. వేపాకు తీసి పక్కన పెట్టింది. పళ్లెం వంక, వాళ్లిద్దరి వంక మార్చి మార్చి చూసింది.

"మట్టి ఎందుకు పెట్టిన్రు పెద్దయ్యా?" అని అడిగింది.

"పురుగు రావద్దని మేడం. మీరే పురుగు ఉండొద్దన్నరట గదా" అన్నాడు బీరప్ప.

ఆమె నవ్వలేదు. మట్టిలో కంటికి కనపడని పురుగుల గుడ్లూ తెగుళ్లూ ఉంటాయనీ, అందుకే మట్టి అంటిన గింజను ఏ దేశమూ గడప దాటనివ్వదనీ ఓపికగా చెప్పింది. శుభ్రంగా, పొడిగా ఉన్న కందులు శుక్రవారం పొద్దున తెస్తే చూస్తానంది. పురుగు రాకుండా పెట్టిన మట్టి వల్లే పురుగు ఉందేమోనన్న అనుమానం రావడం బీరప్పకు బొత్తిగా అర్థం కాలేదు. తలూపి బయటికి వచ్చాడు.

ఊళ్లో ఎవరి ఇంట్లోనైనా మట్టి లేని కందులు దొరుకుతాయి కదా, అవి తెద్దామన్నాడు అజమత్. బీరప్ప ఆలోచించాడు. కందులు వేరేవాళ్లవైతే సంచి మీద పేరు కూడా వేరేవాళ్లదే రాయాలి. తన ఇంట్లో ఉన్నవాటన్నిటికీ హన్మమ్మ అదే మట్టి కట్టింది. కాబట్టి వీటినే కడుగుదామన్నాడు. ఉత్త కడగడంతోనే ఆగి ఉంటే కథ అక్కడితో అయిపోయేది.

తిరుగుదారిలో వికారాబాద్‌లో అజమత్ అక్క అష్రఫున్నీసా ఇల్లు ఉంది. ఆమె పెద్ద దేగిసాలో కందులు పోసి కడిగింది. హన్మమ్మ శ్రద్ధగా పట్టించిన మట్టి అంత సులువుగా వదిలేదా? రెండు నీళ్లు మార్చినా ఎర్రగానే వస్తోంది. నాననిస్తే తప్ప పోదంది ఆమె. నాననిమ్మన్నాడు బీరప్ప. అవతల అనంతగిరి గుట్టల మీద మబ్బు దిగి, ముసురు పట్టి, ఊరంతా కలలో కనిపిస్తున్నట్టుగా ఉంది. ఆయన గుమ్మంలో కూర్చుని ఆ మబ్బు వంక చూస్తూ, తన కందులు దాని మీదుగా పోతుంటే కింద వికారాబాద్ ఎలా కనిపిస్తుందో ఊహించుకుంటున్నాడు. నానిన కందులు ఏమవుతాయో తెలియనివాడా అంటే, ఊహ తెలిసినప్పటి నుంచి విత్తనాలు వేస్తున్నవాడే. కాని ఆ రోజు అవి ఆయన కంటికి విత్తనాల్లా కనిపించలేదు, ప్రయాణికుల్లా కనిపించాయి.

"ఆపా, జర మంచిగ ఆరబెట్టు. శుక్రవారం పొద్దుగాల వచ్చి తీస్కపోతం" అని అజమత్ అక్కకు అప్పజెప్పాడు.

ఆరబెట్టడానికి ఆమె సిద్ధమే. ఎండే సిద్ధంగా లేదు. గురువారం రోజంతా ముసురు. మిద్దె మీద పోస్తే తడుస్తాయి, ఇంట్లో పోస్తే పిల్లలు తొక్కుతారు. పరాయివాళ్ల సొమ్ము, పైగా తమ్ముడి ప్రయాణం. అందుకని ఆమె కందులను మెత్తని బట్టలో మూట కట్టి, వంటింట్లో పొయ్యి పక్కన వెచ్చగా పెట్టి, పైన పాత దుప్పటి కప్పింది. గింజ మొలకెత్తడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఎవరూ చెయ్యలేరు.

అవతల పెద్దేముల్‌లో బీరప్ప పరిస్థితి బాగా లేదు. కందులు ఎగిరినాయా అని అడ్డా మీద అడిగిన ప్రతివాడికీ, అవి వికారాబాద్‌లో స్నానం చేస్తున్నాయని చెప్పవలసి వచ్చింది. ఇంట్లో ఇంకా కష్టం. మట్టి సంగతి విన్న హన్మమ్మ ఆ పూట సరిగా అన్నం తినలేదు.

"మా అవ్వగారింటి మట్టిల రోగమున్నదన్నదా ఆమె? ఇన్నేండ్ల సంది తింటున్నవు, నీకేమన్న అయిందా?" అని అడిగింది.

ఏమీ కాలేదని బీరప్ప ఒప్పుకున్నాడు. ఆమెకు అంతటితో తృప్తి కలగలేదు. ఇంట్లో మిగిలిన కందులు తీసి, మట్టి పోయేదాకా కడిగి, ఆ తడి మీదే పెనంలో వేసి కమ్మగా వేయించింది. ఎండుమిరపకాయలూ వెల్లుల్లీ జీలకర్రా వేసి దంచి, స్టీలు డబ్బా నిండా పొడి చేసింది. దాన్ని శుక్రవారం పొద్దున జొన్నరొట్టెల మూటతో పాటు మొగుడి చేతికిచ్చింది.

"గా మేడంకు తినవెట్టు. రోగమున్నదో లేదో తిని చెప్పుమను" అంది.

అధికారి నోట్లో కందిపొడి పెట్టే ధైర్యం బీరప్పకు లేదు. ఆ సంగతి పెళ్లాంతో చెప్పే ధైర్యం అంతకన్నా లేదు. డబ్బా సంచిలో పెట్టుకుని బయలుదేరాడు.

వికారాబాద్‌లో అష్రఫున్నీసా మూటను రెండు చేతులా పట్టుకుని తెచ్చి ఇచ్చింది. బరువు పెరిగినట్టు అనిపించింది గాని, అజమత్‌కు ఆ సాయంత్రమే విమానం, ముడి చూస్తే గట్టిగా ఉంది, విప్పి చూడడానికి తీరిక లేదు. బీరప్ప మూటను ఒళ్లో పెట్టుకున్నాడు. అది గోరువెచ్చగా ఉంది. ప్రయాణమంటే దానికీ ఉత్సాహంగానే ఉందనుకున్నాడు.

ఆఫీసులో అశ్విని ముడి విప్పింది. ఒక్క మట్టి రేణువు లేదు. కందులు నిగనిగలాడుతున్నాయి. ప్రతి గింజకూ తెల్లని చిన్న ముక్కు ఒకటి బయటికి వచ్చి, ఎటు పోవాలో వెతుక్కుంటోంది.

"మొన్న మట్టి తెచ్చిన్రు, ఇయ్యాల మొలకలు తెచ్చిన్రు. ఇంకోసారొస్తే చేనే తెస్తరేమో పెద్దయ్యా" అంది ఆమె.

అజమత్ నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగాడు. బీరప్ప నవ్వలేదు. కిటికీ పక్క సీటు, సముద్రం, అవతలి ఒడ్డు పెద్దమనిషి, అన్నీ ఒక్కొక్కటే కళ్ల ముందు నుంచి వెళ్లిపోయాయి. ఆయనకు నిజంగా ఏడుపు వచ్చింది. అంత బాధలోనూ, ఒక్క గింజ వృథా పోకుండా ఎంత చక్కగా మొలిచాయో అని ఒకపక్క గర్వంగానే ఉంది.

బయట అరుగు మీద కూర్చుని ఇద్దరూ రొట్టెల మూట విప్పారు. ఫికర్ చెయ్యవద్దనీ, తిరిగి వచ్చాక మళ్లీ చూద్దామనీ అజమత్ ఓదార్చాడు. అంతలో అశ్విని టిఫిన్ తినడానికి అటు వచ్చింది. స్టీలు డబ్బా మూత తీసి ఉంది, వాసన ఆఫీసు గుమ్మం దాటి లోపలికి పోయింది. ఇవి కూడా ఆ కందులేనా అని ఆమె ఆగి అడిగింది. బీరప్ప భయపడుతూ, మట్టి కడిగి, వేయించి, దంచిన సంగతీ, తన భార్య వేసిన సవాలూ మొత్తం చెప్పేశాడు. ఇప్పుడు ఆమె నవ్వింది. డ్యూటీలో ఎవరి దగ్గరా ఏమీ తినకూడదని చెప్పింది.

"అయినా దీనికి నా కాగితమే అక్కర్లేదు. వేయించి దంచినంక ఇది మొలవదు, దీంట్ల పురుగు బతకదు. ఇది గింజ కాదు, తిండి. అక్కడి తిండి రూల్స్ మీ అల్లుడిని అడిగి తీస్కపోండి" అంది.

అజమత్ అక్కడికక్కడే అల్లుడికి ఫోన్ చేశాడు. గట్టిగా మూసిన ప్యాకెట్టులో ఉంటే ఇబ్బంది లేదని తేలింది. మిగిలిన పొడి కొత్త ప్యాకెట్టులో చేరి, ఆ సాయంత్రమే మబ్బుల మీదుగా వెళ్లింది. కిటికీ పక్క సీటు దొరికిందో లేదో తెలియదు. బీరప్ప మొలకల మూటను ఒళ్లో పెట్టుకుని బస్సులో తిరిగి వచ్చి, మరునాడు వాటిని చేను గట్టు వెంట ఒక్కొక్కటిగా నాటాడు. నాటుతుండగా పైన విమానం ఒకటి పోయింది. తల ఎత్తకుండా ఉండాలనుకున్నాడు గాని చేత కాలేదు.

గట్టు మీది కందులు మోకాలెత్తు పెరిగేసరికి మస్కట్ నుంచి కబురు వచ్చింది. కందులు ఎవరూ అడగలేదు. ఆ పొడి మాత్రం మళ్లీ మళ్లీ పంపమన్నారు, ఎంత పంపినా చాలడం లేదన్నారు. హన్మమ్మ ఇంట్లో ఇప్పుడు వాడకట్టు ఆడవాళ్లంతా కలిసి దంచుతున్నారు. ఊరి కందులన్నీ ఆ ఇంటికే వస్తున్నాయి. పెనం దగ్గర కూర్చుని వేయించే పని బీరప్పది. విమానం చప్పుడు వినిపిస్తే ఆయన చెయ్యి ఆగిపోతుందని, ఆ పెనాన్ని వాకిట్లో పెట్టనివ్వకుండా లోపలికి మార్పించింది హన్మమ్మ.

కాగితాలన్నీ చేయించి, ప్యాకెట్లను తాండూరులో అచ్చు వేయించాడు అజమత్. మొదటి కట్ట తెచ్చి చూపించాడు. ముందు వైపు పెద్ద అక్షరాల్లో 'హన్మమ్మ కందిపొడి' అని ఉంది. బీరప్ప దాన్ని చాలాసేపు చూశాడు.

"మరి నా పేరు?" అని మెల్లగా అడిగాడు.

"పరేషాన్ గాకు అన్నా, నీ పేరు గూడ ఏయించిన. ఎనకకు తిప్పు" అన్నాడు అజమత్.

బీరప్ప తిప్పి చూశాడు. అడుగున, ఫోన్ నంబరు పక్కన, 'ఫిర్యాదులకు: బీరప్ప, పెద్దేముల్' అని ఉంది. ఆయన తృప్తిగా తల ఊపి, ప్యాకెట్టును చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఎన్నో ప్యాకెట్లు సముద్రం దాటాయి గాని ఇంతవరకు ఒక్క ఫిర్యాదూ రాలేదు కాబట్టి, ఆ పేరును అవతలి ఒడ్డున ఇంకా ఎవరూ చదవలేదనే అనుకోవాలి.