ముడత లేని టెంటు

ఆ ఉదయం టెంట్ల మాస్టారి ప్లాను చాలా సింపుల్. కొత్తగా కుట్టిన టెంటు భుజాన వేసుకోవడం, చెరువు పక్కన క్యాంపు నడిపే మేడమ్‌కి వేసి చూపించడం, సీజన్ మొత్తానికి ఆర్డరు పట్టుకుని భోజనం వేళకి ఇల్లు చేరడం. ఆర్డరు రాదేమో అన్న ఆలోచన ఆయనకి కలలో కూడా రాలేదు. వచ్చింది వాళ్ళావిడకి.

"ఏవండీ, అక్కడ అందరూ చెట్లకి హ్యామక్‌లు కట్టుకుని పడుకుంటున్నారట. టెంట్లు అడిగే దిక్కే లేదట."

"గుడ్డముక్కకి అటో తాడు, ఇటో తాడు కట్టి అందులో వేలాడతారా? మనుషులా గబ్బిలాలా? నా టెంటులో ఒక్కసారి నడుం వాల్చమను, అప్పుడు మాట్లాడదాం."

పక్కన బావమరిది ముసిముసిగా నవ్వాడు. వాడికి బజార్లో కర్టెన్ల షాపుంది. ఈ ఆర్డరు గనక రాకపోతే మాస్టారు తన షాపు మూసేసి వాడి దగ్గర కర్టెన్లు కుట్టడానికి చేరాలని ఇంట్లో ఎప్పుడో తీర్మానం అయిపోయింది.

"నీ మిషను పక్కన ఫ్యాను కూడా బిగించేశాను బావా."

"వెళ్ళి విప్పేయ్."

మాస్టారి పనితనానికి వంక పెట్టలేం. కింద గుడ్డ, పక్క గోడలు, పైకప్పు అన్నీ కలిపి ఒకే సంచిలా డబుల్ కుట్టు వేస్తాడు. ఏనుగెక్కి తొక్కినా పోగు కదలదు. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే. గుడ్డ మీద ముడత కనిపిస్తే ప్రాణం ఊరుకోదు. బస్సులో ముందు సీటాయన చొక్కా వీపు మీద ముడత ఉందని లాగి సరిచేసి, తిట్లు తిని దిగిపోయిన మనిషి.

ముగ్గురూ క్యాంపు చేరేసరికి మేడమ్ ఎర్రటి కళ్ళతో ఎదురొచ్చింది.

"రాత్రి టెంటులోనే పడుకున్నా మాస్టారూ. వీపు కింద రాయి, పక్కంతా తడి. తెల్లారేసరికి జారి జారి కాళ్ళ దగ్గర ముద్దయిపోయి ఉన్నా. వచ్చిన వాళ్ళందరిదీ ఇదే గోల. హ్యామక్‌ల వాళ్ళు మాత్రం ఈలలు వేసుకుంటూ లేస్తున్నారు."

"అది టెంటు తప్పు కాదు మేడమ్. కుట్టినవాడి తప్పు."

"అవి కుట్టింది మీరే."

మాస్టారు భుజాన ఉన్న టెంటు కిందికి దించాడు. "అవి పాత మోడలు. ఇందులో పడుకుని చూడండి."

"సరే. హాయిగా నిద్ర పడితే సీజన్ అంతా మీకే. పట్టలేదా, ఇక టెంట్ల ఊసెత్తొద్దు."

బావమరిది సుత్తి అందుకున్నాడు. పైన కాస్త మట్టి, కింద అంతా బండ. కొట్టిన మేకు కొట్టినట్టే వంకర తిరిగింది.

"దిగట్లేదు బావా!"

"చుట్టూ చెట్లున్నాయిగా, తాళ్ళు వాటికి కట్టు."

కట్టారు. టెంటు ఠీవిగా నిలబడింది. మేడమ్ లోపలికి వెళ్ళి, జిప్పు వేసుకుని పడుకుంది. అంతలోనే గొంతు వినిపించింది. "మాస్టారూ, జారుతున్నా!"

"కదలకండి మేడమ్, నేల ఏటవాలుగా ఉంది. ఒక్క నిమిషం."

పల్లంలో ఉన్న మూలలకి తాళ్ళు కట్టి, చెట్టుకి బిగించి, అటువైపు పైకి లేపాడు. కింద గుడ్డ సమానమైంది. కానీ ఇటువైపు గుడ్డ మీద ముడత పడింది. మాస్టారి చెయ్యి ఊరుకుంటుందా? ఇటు తాడు లాగి బిగించాడు. ముడత అటు పోయింది. అటు లాగాడు. నడుమకొచ్చింది.

"లాగరా!"

"లాగుతూనే ఉన్నా బావా! లోపల మనిషున్నారు, గుర్తుందా?"

నిలబెట్టిన కర్రలు రెండూ టపటపా పడిపోయాయి. మాస్టారు పట్టించుకోలేదు, ఇంకొక్క ముడతే మిగిలింది మరి. దాన్నీ లాగాడు.

"ఏవండీ," అంది వాళ్ళావిడ నెమ్మదిగా, "టెంటు నేల మీద లేదండీ."

నిజమే. చెట్ల మధ్య గాల్లో, పెద్ద చిక్కుడుకాయలా ఊగుతోంది. ముడత అన్నది లేదు. లోపలినుంచి చప్పుడు కూడా లేదు.

"మేడమ్?" పలకలేదు. బావమరిది జిప్పు పట్టుకుని గుంజాడు. జిప్పు రాలేదు, దాని కొక్కెం మాత్రం ఊడి చేతికొచ్చింది.

"అయ్యో, ఊపిరాడుతోందో లేదో! కోసెయ్యండి!" అంది వాళ్ళావిడ.

మాస్టారు చెమటలు కక్కుతూ కత్తెర పెట్టాడు. డబుల్ కుట్టు! ఒక పట్టాన తెగుతుందా?

"ఎవడు కుట్టాడు బావా దీన్ని ఇంత మొండిగా?"

"నోర్ముయ్!"

ఎలాగో కన్నం పడింది. ముగ్గురూ తలలు దూర్చారు. మేడమ్ వెల్లకిలా పడుకుని, నోరు తెరిచి గుర్రు పెడుతోంది. వాళ్ళావిడ భుజం తట్టింది. మేడమ్ ఒక కన్ను తెరిచింది.

"ఎవరు లేపమన్నారు మిమ్మల్ని?"

"క్షమించాలి మేడమ్, చిన్న ముడత వల్ల..." మాస్టారు మొదలెట్టాడు.

"రాయి గుచ్చుకోలేదు. తడి తగల్లేదు. జారలేదు. ఎన్నాళ్ళకి పట్టింది ఇలాంటి నిద్ర! ఏంటిది?"

పాడైపోయిన టెంటు అని చెప్పబోయాడు మాస్టారు. వాళ్ళావిడ ఆయన కాలు తొక్కింది.

"కప్పున్న హ్యామక్ మేడమ్. మావారు కనిపెట్టారు."

"కనిపెట్టాను," అన్నాడు మాస్టారు, గొంతు సవరించుకుని. "కింద బండ ఉండనీ, బురద ఉండనీ, మనకేం పని?"

"సీజన్ అంతటికీ ఇవే కుట్టండి. టెంటు ఒక్కటి కూడా వద్దు. జిప్పు మాత్రం తెరుచుకునేది పెట్టండి."

ఆర్డరు ఒక్కడి వల్ల అయ్యేది కాదు. వారం తిరక్కుండా బావమరిది తన షాపుకి తాళం వేసి, మాస్టారి షాపులో రెండో మిషను ముందు కూర్చున్నాడు. పొద్దస్తమానం డబుల్ కుట్టు వేస్తూ, వేసింది నచ్చలేదంటే విప్పుతూ.

అసలు మనుషులు నేల మీద ఎందుకు పడుకుంటారో తనకి చిన్నప్పటినుంచీ అర్థం కాలేదని మాస్టారు ఇప్పుడు వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాడు.