చేతులెత్తి చేసిన తీర్మానం

ఆ శుక్రవారం పొద్దున సంతానలక్ష్మి రెండే పనులు పెట్టుకుంది. పంచాయతీ సమావేశంలో లేచి "ఒప్పుకోను" అనడం, తిరిగొచ్చి పత్తిచేనికి నీళ్లు కట్టడం.

తమిళదేశంలో వాడిపట్టికి ఆవల తెలుగువాళ్లున్న ఆ చిన్న ఊళ్లో ఆమె మూడో వార్డు సభ్యురాలు. వారపు సంతలో పూలూ కూరలూ అమ్మే ఆడవాళ్లకు ఒక మరుగుదొడ్డి కట్టించమని మూడేళ్లుగా అడుగుతోంది. ఇన్నాళ్లకు ఫైలు కదిలేలా ఉందనుకుంటే, ఇకమీదట పంచాయతీ ఏ కట్టడం కట్టినా పర్యావరణానికి హాని లేకుండా ఉండాలని కొత్త ప్రమాణాలు పెడతారట. గాలి, వెలుతురు, వాననీటి తొట్టి, కరెంటు పొదుపు అన్నీ చూపించి పాత ఫైళ్లు మళ్లీ మొదటినుంచి రాయాలట.

"మనుషులు పోయేదానికి చోటు లేదు, గోడలకు గాలి కావాలంట!" అని ఆమె భర్త రాజేంద్రన్ మీద కేకలేసింది. దోసె తింటున్న ఆయన, ఆ ప్రమాణాలు తానే రాసినట్టు తల దించుకున్నాడు.

సమావేశపు గదిలో కిటికీలకు అడ్డంగా పాత బీరువాలు నిలబెట్టారు. పట్టపగలే చీకటి. పొదుపు నేర్పడానికని పై ఆఫీసువాళ్లు అక్కడ కొత్త రకం లైట్లూ ఫ్యాన్లూ బిగించి పోయారు. గదిలో ఎవరైనా కదులుతుంటేనే అవి పనిచేస్తాయి.

అధ్యక్షుడు నల్లసామి నిబంధనలు చదవసాగాడు. మాట్లాడేది తెలుగైనా కాగితం మీదంతా తమిళం, అదీ ఆఫీసు తమిళం. పదకొండో నిబంధనకే సభ్యులు రాళ్లయిపోయారు. ముప్పైరెండోది ముగించి, ఆయన తలెత్తకుండానే, "ఒప్పుకొనేవాళ్లు చేయెత్తండి" అన్నాడు.

సరిగ్గా అప్పుడే లైట్లు ఆరిపోయాయి.

"అయ్యో, చేయి ఊపండి! ఊపితేనే వచ్చేది!" అని అరిచింది ముసలి సభ్యురాలు అమరావతి.

తొమ్మిదిమందీ చేతులెత్తారు. అప్పటికే ఒళ్లు మండిపోతున్న సంతానలక్ష్మి లేచి నిలబడి, రెండు చేతులూ ఎత్తి ఊపింది. లైట్లు వెలిగాయి. హమ్మయ్య అంటూ అందరూ చప్పట్లు కొట్టారు.

తలెత్తి చూసిన నల్లసామికి కళ్లు చెమర్చాయి. "ఇన్నేండ్లలో ఒక్క తీర్మానానికైనా ఇట్ల అందరూ ఒప్పినారా! రాయి తంబీ!"

గుమాస్తా ఉదయకుమార్ అప్పటికే రాసేశాడు.

"ఏమి రాసేది? నేను ఒప్పలేదు!"

"రెండు చేతులూ ఎత్తితిరి గదక్కా! అందుకే తీర్మానం తెచ్చింది మీరేనని రాస్తిని."

"లైటు కోసరం ఎత్తితిని రా!"

"ఏంటికి ఎత్తినారో రాసేదానికి రిజిస్టర్లో చోటు లేదక్కా," అన్నాడు ఉదయకుమార్ వినయంగా.

మధ్యాహ్నానికి రెండు చేతులూ ఎత్తి నిలబడ్డ ఆమె ఫొటో ఊరి వాట్సాప్ గ్రూపులన్నిట్లో తిరిగింది. సాయంత్రానికి నల్లసామి ఆమెను అడగకుండానే ప్రమాణాల కమిటీకి తలైవిని, అంటే అధ్యక్షురాలిని చేశాడు. కల్యాణమండపానికి ఏసీ పెట్టిస్తానని మాటిచ్చిన ఐదో వార్డు సభ్యుడు ఎదురుపడి, కరెంటు పొదుపుతో ఆ ఏసీ ఇక రానట్టేనని ముఖం తిప్పుకుని పోయాడు. ఆమె కనపడ్డవాళ్లందరికీ లైట్ల సంగతి చెప్పింది. వాళ్లు నవ్వి, "ఎంత అణకువో!" అన్నారు.

శనివారం సంతలో పూలమ్మే ముత్తులక్ష్మి మాత్రం నవ్వలేదు. "కక్కూసు తెస్తానని ఓటు అడిగితివి. తీరా చూస్తే దాన్ని ఆపేదానికే చేయెత్తితివా అత్తా?"

ఆ మాట ముల్లులా దిగింది. ఆ వారమంతా సంతానలక్ష్మి సరిగా అన్నం తినలేదు. చివరకు తీర్మానం రద్దు చేయమని తెల్లకాగితం మీద అర్జీ రాసుకుని పంచాయతీ ఆఫీసుకు వెళ్లింది.

"ఇప్పుడు రద్దు చేసేకి కాదక్కా," అన్నాడు ఉదయకుమార్. "మొట్టమొదట ఒప్పింది మన ఊరేనంట. మాదిరికి ఒక కట్టడం మూడు నెలల్లో కట్టి చూపించమని ఉత్తరువు వచ్చె. పట్టీలో అన్నిటికంటే చిన్నది ఏదని అడిగిరి."

"ఏదంటివి?"

"మీ కక్కూసే."

సంతానలక్ష్మికి సంతోషం రావాల్సిన చోట మళ్లీ కోపమే వచ్చింది. "మూడేండ్లు నోరు నొయ్య అడిగితే రాలేదు, చీకట్లో చేయి ఊపితే వచ్చెనా! ఇదేమి ఆఫీసు రా!"

అయినా కుర్చీ లాక్కుని కూర్చుంది. అర్జీని వెనక్కి తిప్పి, తలుపు రోడ్డువైపు పెడితే ఊరుకునేది లేదంటూ, అది ఎటు ఉండాలో గీసి చూపించింది.

కాగితాన్ని రెండు వైపులా వాడాలన్నది కొత్త ప్రమాణాల్లో ఇరవయ్యోదని ఉదయకుమార్ ఆమెతో చెప్పలేదు, చెబితే చించేసేది.