ముందు ఎడమ స్ప్రింగు

ఆ ఆదివారం పొద్దున్న భీమేశ్వరరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండు లోపల కారు నాలుగు మూలలూ సరిచెయ్యాలి, తరువాత స్నానం, ఆ తరువాత భోజనం.

యానాం నుంచి బదిలీ మీద పుదుచ్చేరి వచ్చి, ముత్యాలపేటలో అద్దెకు దిగిన ఈ డ్రాఫ్ట్స్‌మన్, రెండేళ్ళుగా ఇంటి ముందు సిమెంటు గచ్చు మీద ఒక పందెం కారు కట్టుకుంటున్నాడు. ఇంజను పాత ఫియట్‌ది. సీటు ఒకటే, కప్పు లేదు. వచ్చే ఆదివారం మద్రాసు అవతల, విమానాలు దిగడం మానేసిన రన్‌వే మీద పందెం. అది ఏడాదికి ఒక్కసారే వస్తుంది. అతను పేరిచ్చాడు, ఆఫీసులో సెలవు పెట్టాడు. కానీ కారుకు ఒక జబ్బు ఉంది. కుడి వైపు తిప్పితే చాలు, వెనక భాగం ముందుకు వచ్చేసేది. కిందటి వారం అలాగే గిర్రున తిరిగి ఇంటి వైపు మొహం పెట్టి ఆగింది. అతని భార్య తాయారు అది కళ్ళారా చూసి, "ఇది బాగుపడితేనే మీరు మద్రాసు వెళ్ళేది," అని తేల్చేసింది.

బాగుచెయ్యడం ఎలాగో అతనికి తెలుసు. ప్రతి చక్రం దగ్గరా స్ప్రింగు కింద ఒక మర ఉంది. స్పానరుతో బిగిస్తే ఆ మూల లేస్తుంది, వదులు చేస్తే దిగుతుంది. అయితే కొలత తీసేటప్పుడు నడిపేవాడి బరువు సీట్లో ఉండాలి. తానే సీట్లో కూర్చుంటే కింద దూరి మర తిప్పేవాళ్ళు లేరు. బియ్యం బస్తా పెడదామంటే తాయారు ఒప్పుకోలేదు. పోయినసారి పెట్టిన బస్తా అన్నం నెల రోజులు గ్రీజు వాసన కొట్టింది.

ఇంటి యజమానురాలు ఆండాళమ్మ అదే వాకిట్లో పక్క వాటాలో ఉంటుంది. తరతరాలుగా ఈ ఊళ్ళో స్థిరపడ్డ తెలుగు కుటుంబం, పిల్లలు లేని విధవరాలు. కిందటి నెల గోరిమేడు ఆసుపత్రిలో తూస్తే అరవై ఒక్క కిలోలు వచ్చానని ఆవిడే చెప్పింది. భీమేశ్వరరావు బరువూ సరిగ్గా అంతే.

"పిన్నిగారూ, నాలుగైదు గంటలు కూర్చుంటే చాలండి. మేం చెప్పేదాకా కదలకూడదు."

"యాడ కూర్చోవాల?"

"ఇందులోనండి."

"మాట్లాడొచ్చునా?"

"మాట్లాడితే మీరు చేతులు తిప్పుతారు కదండీ."

"సరి. పన్నునొప్పితో మాట్లాడేది కష్టంగానే ఉండాది."

నొప్పికి చెంప వాచి, ఆవిడ గడ్డం కింద నుంచి నడినెత్తి మీదకు ఒక తెల్ల గుడ్డ కట్టుకుని ఉంది. నోట్లో రెండు లవంగాలు. ఆ సీటు సగం పడుకోబెట్టేలా ఉంటుంది. కాళ్ళు చాచి, ఎండకు కళ్ళు మూసుకుని, ఆవిడ నిశ్చలంగా ఉండిపోయింది. పెట్రోలు వాసన పోవడానికి తాయారు కారు ముందు నాలుగు అగరొత్తులు వెలిగించింది. భీమేశ్వరరావు కింద దూరాడు. బయటికి కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి.

ఎనిమిదింటికి పూలమ్మే అంజలై గేటు దగ్గర ఆగి, చాలాసేపు చూసింది. తాయారుకు తమిళం సగమే వచ్చు. అంజలై తమిళంలో అడిగినదానికి ఆ సగంతోనే జవాబిచ్చింది.

"ఎప్పుడమ్మా?" అంది అంజలై గొంతు తగ్గించి.

"పొద్దున్న ఆరింటికి."

"కష్టపడిందా?"

"లేదు. కాళ్ళు సర్దడమే కష్టమైంది."

"ఎప్పుడు ఎత్తుతారు?"

సీట్లోంచి లేపడం గురించి అనుకుంది తాయారు. "పదకొండుకి. ఒక్కరి వల్ల కాదు, నలుగురు పట్టాలి."

"సొంతవాళ్ళకి చెప్పారా?"

"ఎందుకూ? అంతా ఆయనే చూసుకుంటున్నారు."

అంజలై ఆ కాళ్ళ వైపు చూసింది. ఏ బంధుత్వమూ లేని మనిషి ముసలామె పాదాల దగ్గర సాష్టాంగపడి ఉన్నాడని ఆమె కళ్ళు చెమర్చాయి. బుట్టలో ఉన్న పెద్ద దండ తీసి కారు ముక్కుకు వేసి, అరియాంకుప్పం బస్సెక్కింది. కొత్త కారుకు మంచి జరగాలని వేసిందనుకుని తాయారు సంతోషించింది.

అరియాంకుప్పంలో ఆండాళమ్మ తమ్ముడు విజయరంగన్ వ్యవసాయం చేస్తున్నాడు. ఇద్దరికీ తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. అతని కూతురి పెళ్ళిలో ఆవిడ వంట గురించి ఏదో అంది, అతను వాకిలి చూపించాడు. ఆ తరువాత ఏ శుభానికీ ఒకరికొకరు కబురు పంపుకోలేదు. ఈ కబురు విని అతను చొక్కా కూడా వేసుకోలేదు. పదింటికల్లా ఇరవై మంది బంధువులతో, డప్పులతో, మోసేందుకు నలుగురు మనుషులతో వాకిట్లోకి వచ్చాడు. వంటింట్లో కొబ్బరి తురుముతున్న తాయారు ఆ డప్పులు వీధిలో పోతున్నాయనుకుంది.

అప్పటికి భీమేశ్వరరావు మూడు మూలలు సరిచేశాడు. ముందు ఎడమ మూల ఒక్కటే మిగిలింది. అది ఉన్నట్టుండి అంగుళం దిగిపోయింది. విజయరంగన్ మడ్‌గార్డు మీద తల ఆనించి, రెండు చేతులతో కారును పట్టుకుని ఏడుస్తున్నాడు. కింద నుంచి భీమేశ్వరరావుకు పాదాలు మాత్రమే కనిపించాయి, కారు చూడటానికి జనం వచ్చారనుకున్నాడు. "దయచేసి ఎవరూ ఆనుకోకండి," అన్నాడు. డప్పుల్లో ఎవరికీ వినపడలేదు. అతను పద్ధతిగల మనిషి. మూల దిగింది కాబట్టి మర బిగించాడు. విజయరంగన్ ఇంకా వాలాడు. ఇతను ఇంకా బిగించాడు.

"అక్కా," అన్నాడు విజయరంగన్. "తొమ్మిదేండ్లు. ఒక్క బస్సు దూరం, అయినా రాలేదు నేను. సాంబారులో ఉప్పు లేదని అందరి ముందరా అంటివని కోపం పెట్టుకుంటిని. ఉప్పు లేనిది నిజమే అక్కా. ఆ దినమే నాకు తెలుసు."

ఆండాళమ్మకు ప్రతి మాటా వినిపిస్తోంది. కదలనని మాటిచ్చింది, అది ఒక కారణం. తొమ్మిదేళ్ళుగా ఈ మాట కోసం ఎదురుచూసింది, చివరిదాకా వినాలనుంది, అది అసలు కారణం. మూసిన కంటి కొస నుంచి ఒక చుక్క జారి గుడ్డలోకి ఇంకింది. ఇక ఆవిడ వల్ల కాలేదు.

"రసంలో కూడా లేదురా," అంది.

డప్పులు ఒకటి తరువాత ఒకటి ఆగిపోయాయి.

"అవునక్కా, రసంలో కూడా," అన్నాడు విజయరంగన్ తల ఎత్తకుండానే. అప్పుడు తల ఎత్తాడు. ఎత్తి వెనక్కి పడ్డాడు. అతని బరువు పోగానే ముందు ఎడమ మూల మూడు వేళ్ళ ఎత్తు లేచింది.

"పిన్నిగారూ, కదిలారా?" అని కింద నుంచి వినపడింది.

"నేను కదల్లేదప్పా."

ఎత్తడానికి వచ్చిన నలుగురే ఆవిణ్ణి సీట్లోంచి ఎత్తారు. స్నానం చెయ్యాలా అక్కర్లేదా అని బంధువులు కాసేపు చర్చించి, ఎందుకైనా మంచిదని బావి దగ్గర అందరూ తలస్నానం చేశారు. తాయారు ఇరవై ఆరుగురికి వండి, సాంబారు ఎలా ఉందని అడిగింది. ఒక్కరూ నోరు విప్పలేదు. విజయరంగన్ మాత్రం అక్క ఆకులో తానే వడ్డించి, ఆవిడ తినేదాకా పక్కనే కూర్చున్నాడు. సాయంత్రం బస్సుకు ఆవిణ్ణి పది రోజులు ఉంచుకుంటానని తీసుకుపోయాడు.

మళ్ళీ కొలిచి మరలు సరిచేద్దామంటే భీమేశ్వరరావుకు అరవై ఒక్క కిలోలు ఎక్కడా దొరకలేదు.

"బాగుపడిందా?" అంది తాయారు.

"ఒక విధంగా," అన్నాడు. అబద్ధం చెప్పడం అతనికి చేతకాదు. ఆమె సంచీ సర్దుకుని తానూ మద్రాసు బయల్దేరింది.

ఆ పందెం దారిలో మలుపులన్నీ కుడి వైపే. మొదటి మలుపులో భీమేశ్వరరావు ప్రాణాలరచేత పట్టుకుని చక్రం తిప్పాడు. ఎడమ భుజం ఎగరేసుకున్న ఆ కారు నేలకు అతుక్కుని, వెనక భాగం వెనకే ఉంచుకుని తిరిగింది. రెండో మలుపులోనూ అంతే. పధ్నాలుగు కార్లలో అతను మూడోవాడిగా వచ్చాడు. తాయారు కళ్ళు తుడుచుకుంది.

సాయంత్రం మద్రాసు కంపెనీ ఇంజనీరొకాయన కారు కిందకు వంగి చూసి, ముందు ఎడమ స్ప్రింగు అంత ఎత్తు ఎందుకు పెట్టారని, దాని లెక్క ఏమిటని మర్యాదగా అడిగాడు.

భీమేశ్వరరావు ఒక్కొక్క వేలూ మడుస్తూ చెప్పాడు. "మీ అంతటి బరువున్న పెద్దావిణ్ణి సీట్లో కూర్చోబెట్టాలండి. ఆవిడ తమ్ముడు ఎడమ వైపు ఆనుకుని మనస్ఫూర్తిగా ఏడవాలి. అప్పుడు బిగించాలి."

ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి, "పెద్ద తమ్ముడా, చిన్న తమ్ముడా?" అని అడిగి రాసుకున్నాడు.