తాత పోయాడు

ఆ ఉదయం కోడలు వేసుకున్న పథకంలో ఎక్కడా ఏడుపు లేదు. ఎనిమిదింటికి కూతురి చెవి మిషన్‌కు బ్యాటరీ మార్చడం, తొమ్మిదింటికి ఆట, పదింటికి మాటల టీచర్ రావడం. అంతే.

ఇంట్లో అందరూ బొంగరం అని పిలిచే ఆ పాపకు నాలుగేళ్ళు. పుట్టుకతోనే వినికిడి తక్కువ. చెవి మిషన్ పెట్టి ఏడాదిన్నరయింది. విడివిడిగా అరవై మాటల దాకా చెబుతుంది గానీ రెండు మాటలు మాత్రం కలపదు. ఈవేళ టీచర్ ఎదుట, ఎవరూ అందించకుండా, రెండు మాటలు కలిపితే మామూలు నర్సరీలో సీటు ఖాయం. లేకపోతే ఇంకో ఏడాది ఆగాలి.

వారమంతా ‘పోయింది’ ఆట ఆడించింది. బంతి మీద గిన్నె బోర్లించి “బంతి పోయింది!” అనాలి. బొంగరం గిన్నె ఎత్తి చూసి, మళ్ళీ బోర్లించి, ఒక్క “పోయింది!”తో సరిపెట్టేది. పోయినదేమిటో అందరికీ తెలిసిందే అయితే ఇంకో మాట దేనికన్నట్టు చూసేది.

“వస్తువులు పోతే దీనికి లెక్కలేదు. మనిషి పోతే ఏమంటుందో చూద్దాం. మామయ్యగారూ, కాస్త దాక్కుంటారా?” అంది కోడలు.

మామగారు ముప్ఫై ఏళ్ళు బడిలో వ్యాకరణం చెప్పి రిటైరైన మాస్టారు. ఏ పని ఒప్పుకున్నా షరతులన్నీ కనుక్కుని మరీ చేస్తారు.

“ఎక్కడ? ఎంతసేపు?”

“బట్టల బీరువాలో. పాప తలుపు తీసేదాకా.”

“దగ్గొస్తే?”

“మింగేయండి.”

ఆయన కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకుని, దుప్పట్ల పక్కన ఒద్దికగా కూర్చున్నారు. బొంగరం తెర వెనక చూసింది, మంచం కింద చూసింది. అప్పుడే సోఫా మీద ఫోన్ మోగింది. వంటింట్లో మిక్సీ తిరుగుతోంది కాబట్టి కోడలికి వినపడలేదు. చేసింది ఆడపడుచు. ఊళ్ళోనే ఉంటుంది, రోజూ తండ్రి క్షేమం కనుక్కోనిదే ఆవిడకు పొద్దు పొడవదు. ఆకుపచ్చ గుర్తు నొక్కడం బొంగరానికి మహా సరదా. నొక్కి, ఫోన్‌కేసి గంభీరంగా చెప్పింది.

“తాత పోయాడు.”

సరిగ్గా అప్పుడే మిక్సీ ఆపిన కోడలు ఒక్క పరుగున వచ్చింది. పోయింది కాదు, పోయాడు! మాటలు కలవడమే కాదు, క్రియ కూడా తాతకు తగ్గట్టు మారింది.

“ఏమన్నావు? మళ్ళీ చెప్పు నా తల్లీ!”

“తాత పోయాడు!”

“పోయాడు! అమ్మయ్య, పోయాడు! ఈ రోజు కోసం ఎన్నాళ్ళ నుంచి కాచుకుని కూర్చున్నాను!” అంటూ చప్పట్లు కొట్టి, పాపను ఎత్తుకుని గిరగిరా తిప్పింది. పాప చేతిలోని ఫోన్ ఎగిరి గోడకు తగిలి నోరు మూసుకుంది. బొంగరం రోజూ దాంతో ఆడుకునేదే కాబట్టి కోడలు చూడకుండానే తీసి సొరుగులో పడేసింది.

అవతల ఆడపడుచు తమ్ముడి ఆఫీసుకు ఫోన్ చేసింది.

“ఒరేయ్, నాన్న పోయార్రా!”

“అదేంటక్కా, పొద్దున బాగానే ఉన్నారే! నన్ను తిట్టారు కూడా!”

“నీ కూతురే చెప్పింది. నీ పెళ్ళాం అమ్మయ్య అంటూ చప్పట్లు కొడుతోంది. నా చెవులారా విన్నాను!”

అతను ఇంటికి చేస్తే ఫోన్ మోగలేదు. సీట్లోనే భోరుమన్నాడు. మేనేజర్ జాలిపడి తన కారులో బయలుదేరదీశాడు. దారిలో అక్కను ఎక్కించుకుని, ఇంత పెద్ద తెల్లపూల గుత్తి కూడా కొన్నాడు.

పదింటికి టీచర్ వచ్చింది. కోడలు చెప్పిందంతా విని, “మీరు విన్నారు, సంతోషం. నేను కూడా వినాలి కదండీ” అంది. అప్పటికే ఒకసారి బయటపడ్డ మాస్టారు నడుం పట్టుకుని మళ్ళీ బీరువాలోకి వెళ్ళారు.

“ఎవరూ మాట అందించకూడదు. పెదవి కూడా కదపొద్దు. ఒక్క ముక్క దొర్లినా ఇవాళ్టిది చెల్లదు” అని టీచర్ పెన్ను తీసింది.

బొంగరం గది మధ్యలో నిలబడి ఇద్దరినీ చూసింది. నోరు విప్పలేదు. సాక్సు మాత్రం విప్పింది.

ఒక నిమిషం గడిచింది. రెండు. మూడో నిమిషంలో తలుపు దభాలున తెరుచుకుని ఆడపడుచు లోపలికొచ్చి పడింది. వెనకే ఎర్రబడ్డ కళ్ళతో తమ్ముడు, అతని వెనక పూలగుత్తి, పూల వెనక మేనేజర్.

“నాన్న ఏరీ? ఎక్కడ పడుకోబెట్టావు?”

కోడలికి అప్పుడు వెలిగింది. నోరు తెరిచింది. టీచర్ వేలెత్తింది. నోరు మూసుకుంది. మామగారు బీరువాలో ఉన్నారు - చెబితే మూడే మాటలు, కానీ వాటి ఖరీదు ఒక ఏడాది. పెదవి బిగబట్టి నేలకేసి చూసింది.

“చూశావురా, కంట్లో చుక్క తడి లేదు! ఉలకదేం, పలకదేం? నాన్న ఏరీ?”

జవాబు బొంగరం చెప్పింది, సాక్సు చేత్తో పట్టుకుని, స్పష్టంగా.

“తాత పోయాడు.”

ఆడపడుచు శోకాలు లంకించుకుంది. టీచర్ గంతేసింది. “అద్భుతం! అడిగినదానికి జవాబు! పోయాడు అంది, విన్నారా? ఇంతకంటే ఏం కావాలండీ!” అని కోడలిని వాటేసుకుంది. ఇద్దరూ పకపకా నవ్వారు.

“ఈ ఇంట్లో అందరికీ పిచ్చెక్కిందా?” అని అరిచాడు కొడుకు.

అప్పుడు బీరువాలోంచి, దుప్పట్ల నడుమ నుంచి, ఒక గొంతు వినిపించింది.

“పోయాడు కాదు. పోయారు అనాలి. పెద్దవాళ్ళకు బహువచనం.”

మేనేజర్ గోడకు అతుక్కుపోయాడు. ఆడపడుచు ఏడుపు సగంలో ఆగి ఎక్కిళ్ళలోకి దిగింది. బొంగరం తిన్నగా పరుగెత్తి బీరువా తలుపు లాగింది. “గొంతు ఎటునుంచి వచ్చిందో కూడా పట్టేసింది” అని టీచర్ రాసుకుంది.

సంగతి తెలిశాక ఆడపడుచు “నన్ను ఇంత ఏడిపించి, మీరు పోనేలేదా?” అని తండ్రితో నిష్ఠూరమాడింది. టీచర్ నర్సరీ కాగితం మీద సంతకం పెట్టి చేతికివ్వగానే కోడలు వెక్కివెక్కి ఏడ్చింది.

“ఇప్పుడా ఏడవడం?” అంది ఆడపడుచు.

పూలతో నిలబడిపోయిన మేనేజర్‌ను మాస్టారు ఆదరంగా సోఫాలో కూర్చోబెట్టారు. “నా కోసం ఇంతదూరం వచ్చారు. నా గురించి నాలుగు మంచి ముక్కలు అనుకునే వచ్చుంటారు. మొహమాటపడకండి, చెప్పండి, వింటాను.”

“మీరు...” అన్నాడు మేనేజర్. చెమట తుడుచుకున్నాడు. “చాలా...” అన్నాడు. ఎంతసేపటికీ ఆ రెండూ కలవలేదు.

టీచర్ అతన్ని కాసేపు శ్రద్ధగా గమనించి, సోమవారం పదింటికి తనకు ఖాళీ ఉందని చెప్పింది.