స్టీరింగులో నాలుగంగుళాల పోరంబోకు

లోకంలో స్టీరింగులు రెండు రకాలు: బిగువుగా ఉన్నవి, సర్కారువి. మొదటి రకం వదులైతే మెకానిక్కు బాగుచేస్తాడు. రెండో రకం వదులైందని ముందు రుజువు కావాలి. (రుజువయ్యేలోగా బండి గుంటలో పడితే అది రుజువు కిందకి రాదు. దానికి వేరే ఫారం ఉంది.)

1968లో మా పంచాయతీ సమితి జీపుకి ఈ రుజువు అవసరపడింది. నేను ఆ ఆఫీసులో, వచ్చిన కాగితాలకి నంబర్లు వేసే గుమాస్తాని. డ్రైవరు ఎల్లాజీ నెమ్మదస్తుడు, నిజాయితీపరుడు. అంటే సర్కారు నౌకరీకి బొత్తిగా పనికిరానివాడు. స్టీరింగు నాలుగంగుళాలు తిప్పేదాకా చక్రాలకి ఆ కబురు అందడం లేదని అతనే కనిపెట్టాడు. నరసన్నపేట సంత మలుపు తిరగాలంటే, దానికి ముందున్న బెల్లం కొట్టు దగ్గరే తిప్పడం మొదలెట్టాలి. జనం కూడా బెల్లం కొట్టు దగ్గరే పక్కకి దూకడం నేర్చుకున్నారు. మన జనం మంచివాళ్లు, దేనికైనా అలవాటు పడతారు.

కానీ రాబోయే శుక్రవారానికి బీడీవోగారికి పాతపట్నం అవతల కొండదారిలో క్యాంపు పడింది. కొండదారిలో బెల్లం కొట్లు ఉండవు. ఎల్లాజీకి తిండి సహించలేదు. సోమవారం పొద్దున్నే జీపుని మెకానిక్కు కొండబాబు షెడ్డుకి తోలుకెళ్లాడు.

కొండబాబు జీపు కిందకి దూరి పడుకున్నాడు. "ఆపకు మావా, సక్రం అటూ ఇటూ ఊపు," అంటూ ఒక్కో జాయింటు మీదా వేలు పెట్టి చూశాడు. "ఇదిగో, దొరికిపోనాది. ఈ కడ్డీ కదల్తన్నాది, దీని పక్కది కదల్నేదు. మజ్జిన బాల్ జాయింటు అరిగిపోనాది. కొత్తది నాకాడ ఉన్నాది. అరగంట పని."

"ఆఫీసులో ఓ మాట అడిగొస్తాను," అన్నాడు ఎల్లాజీ.

మనిషి కొంప ముంచే పనులన్నీ ఇలాంటి మర్యాదైన మాటతోనే మొదలవుతాయి.

మా మేనేజరు జగన్నాధంగారు ఎల్లాజీ చేత అర్జీ రాయించుకుని, దాన్ని రెండుసార్లు చదివారు. "వదులు అని రాసినావు. వదులంటే ఎంతరా?"

"సేతికి తెలిసిపోతాది బాబూ."

"నీ సేతికి తెలిస్తే సరా? ఫైలుకి తెలవాల కాదేటి!"

కొలిచే అధికారం మా సమితిలో ఎవరికీ లేదు. తాలూకాలో కొలిచే అధికారం ఉన్నది సర్వేయరు నరసింగరావుగారికి ఒక్కరికే. బుధవారం ఆయన గొలుసుతో, ఎర్రజెండాలతో, ఇద్దరు కూలీలతో దిగారు. ఇరవై రెండేళ్లుగా ఆయన భూమి తప్ప మరేదీ కొలిచి ఎరగరు. అందుచేత స్టీరింగుకీ పటం గీసి, హద్దులు రాశారు: తూర్పున హారను, పడమర ఎల్లాజీ పొట్ట.

"ఈ నాలుగంగుళాలూ ఎడమకీ సెందవు, కుడికీ సెందవు," అని తేల్చారు. "శిస్తు లేదు, సాగు లేదు. పోరంబోకు."

అని, స్టీరింగు మీద సున్నంతో రెండు సర్వే గుర్తులు పెట్టి సంతకం చేశారు.

ఆ తర్వాత చట్టం చాలా స్పష్టంగా ఉంది. పోరంబోకు సర్కారుది. దాన్ని బిగించి మాయం చెయ్యడం ఆక్రమణ. సర్వే గుర్తు కదపడం నేరం. కాగితంలో చుట్టి తెచ్చిన కొత్త జాయింటుని కొండబాబు మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. "జాయింటు ఎయ్యమంటే ఎయ్యగల్ను గానీ, జైలుకెల్లమంటే ఎల్లలేను మావా," అన్నాడు.

గురువారం దండోరా వేయించారు. సదరు స్థలం మీద హక్కులున్నవారు ముప్పై రోజుల్లో చెప్పుకోవాలి. సాయంత్రానికే రెండు అర్జీలొచ్చాయి. కూలిపని చేసుకునే ఎర్రన్న, తనకి సెంటు భూమి లేదు కనక ఆ నాలుగంగుళాలైనా పట్టా ఇప్పించమని వేలిముద్ర వేశాడు. సమితి ప్రెసిడెంటుగారి బావమరిది, ఆ స్థలం తమ తాతలనాటినుంచీ తమ అనుభవంలోనే ఉందని రాశారు. (జీపు వయసు ఆరేళ్లు.) రెండో అర్జీ పరిశీలనకి స్వీకరించారు.

క్యాంపు వాయిదా వెయ్యమని ఎల్లాజీ అదే సాయంత్రం తన రెండో అర్జీ పెట్టాడు. శుక్రవారం పొద్దున్న మూడోది పెట్టాడు. "నాకు ముగ్గురు పిల్లలు బాబూ," అని నోటితో కూడా చెప్పాడు. క్యాంపు వెయ్యడానికి ఫారం ఉంది గానీ ఆపడానికి లేదన్నారు మేనేజరుగారు. మూడు అర్జీలకీ నంబర్లు వేసింది నేనే. నావల్ల ఏ ఆలస్యమూ జరగలేదు. ఆ మాట ఇప్పటికీ సిగ్గుతోనే చెబుతున్నాను.

కొండదారిలో మూడో మలుపు దగ్గర ఎల్లాజీ స్టీరింగు తిప్పాడు. చక్రాలకి కబురు అందేసరికి జీపు దారి కింద చోడిచేలో ఉంది. బీడీవోగారు కళ్లద్దాలతో సహా క్షేమం. ఎల్లాజీ కుడిచెయ్యి రెండుచోట్ల విరిగింది.

వారం తిరక్కుండా జగన్నాధంగారు, వెనకే నేను, ఆసుపత్రికి వెళ్లాం. ఆయన ఎల్లాజీ మంచం పక్కన కూర్చుని, కమలాపండు ఒలిచిపెట్టి, సస్పెన్షను మెమో చదివి వినిపించారు. నేరం: స్టీరింగు వదులని తెలిసి కూడా బండి నడుపుట. సాక్ష్యం: ముద్దాయి ఇచ్చుకున్న మూడు అర్జీలు.

"సెప్పినాను కదా బాబూ! మూడుసార్లు సెప్పినాను కదా!" అని ఎల్లాజీ బావురుమన్నాడు.

జగన్నాధంగారు చెడ్డవారు కారు. ఆయన కళ్లలోనూ నీళ్లు తిరిగాయి.

"అదేరా నువ్వు సేసిన తప్పు," అన్నారు. "సెప్పకుండా పడుంటే, ప్రమాదమని రాసి జీతంతో సెలవిద్దుము కదా!"