బతికుండగా పడిన దండ

"దండ తీయించాల్సిందే" అని మావారు, "ఉండనివ్వండి" అని నేను. పొద్దున కాఫీతో మొదలైన గొడవ పప్పులో పోపు పడే వేళకీ తెమల్లేదు.

మీరే చెప్పండి! బతికుండగానే తన పటానికి దండ పడడం కంటే ఇల్లాలికి వేరే భాగ్యం ఉంటుందా?

ప్రఖ్యాత చిత్రకారులు ధనుంజయరావు గారు జీవితమంతా వేసిన బొమ్మల్ని ఒక్కచోట చేర్చి, ఇప్పుడు మేముంటున్న బందరులో ఒక పెద్ద హాల్లో ఎగ్జిబిషన్ పెట్టారు. అన్నీ మనుషుల బొమ్మలే. చల్లపల్లిలో ఉన్నప్పుడు ఆయన మా పక్కింటివారు. నా పెళ్ళయిన కొత్తలో, నేను బియ్యం చెరుగుతుంటే చూసి బొమ్మ గీశారు. అది ఢిల్లీ, బొంబాయి తిరిగి, నాకంటే ఎక్కువ లోకం చూసి ఇప్పుడు బందరొచ్చింది.

ఢిల్లీలో బొమ్మ కింద పేరు రాసి ఊరుకుంటారట. మన కమిటీవారికి మర్యాద తెలుసు! ప్రతి పటానికీ బంతిపూల దండ వేసి, కింద అగరొత్తులు వెలిగించారు. నిలువెత్తు నేను, మెడలో దండ, ముందు పొగ. చూసినవాళ్ళకి ఇంకేం చెప్పాలి?

నిన్న అది చూసి, అక్కణ్ణించి నేరుగా మా గుడివాడ ఆడపడుచు భాగ్యలక్ష్మి దిగింది. ఆటోలోనే శోకం అందుకుంది. తలుపు తీసిన నన్ను పక్కకి తోసి, లోపలికెళ్ళి మావారిని పట్టుకుంది.

"బంగారంలాంటి వదినే అన్నయ్యా! ఒక్కనాడూ విసుక్కుని ఎరగదు!"

నేనే కాఫీ పట్టుకెళ్ళాను. కళ్ళు తుడుచుకుని ఒక గుక్క తాగి, "పంచదార తక్కువైంది వదినా" అంది. అప్పుడు కెవ్వుమంది!

తర్వాత అవనిగడ్డ నుంచి నాగేశ్వరరావు మావయ్యగారొచ్చి, ఇన్నేళ్ళలో ఈ ఇంట్లో నా గొంతే వినపడలేదని మెచ్చుకున్నారు. నిజమే. అడిగిందెవరు?

ఇంత పొగడ్త ఇంకెలా వస్తుందండీ? అందుకే దండ ఉండాలన్నాను.

మావారు వినలేదు. "నిక్షేపంలా ఉన్న మనిషికి ఈ అపశకునం ఏంటి?" అంటూ చెప్పులేసుకుని హాలుకెళ్ళారు. భోజనాల వేళకి తిరిగొచ్చి, పేపరు తెరిచి అందులోంచి తలెత్తకుండానే అన్నారు:

"ఏం కళ్ళు సుగుణా, ఆ బొమ్మలో! కాలు కదల్లేదనుకో. దండ తీయించడం కూడా మర్చిపోయాను. ఇంటికి పట్టుకెళ్తానంటే ధనుంజయరావు గారు సరేనన్నారు. రోజూ చూసుకోవచ్చు."

నేను ఆయనెదురుగా కూరగిన్నెతో నిలబడి ఉన్నాను.

పిల్లలకీ, ఆడపడుచుకీ, ఆయనకీ వడ్డించాక మెల్లగా చెప్పాను.

"తెచ్చుకోండి. వంటింట్లో తగిలించుకోండి. అక్కడ హాల్లో గోడ బోసిగా ఉంటే బాగుండదు కదా, రేపట్నించి అక్కడ నేను కూర్చుంటాను."